తెలియదని చెప్పడం తప్పు కాదు



ఈరోజు ఒక సభ గురించి చెప్పుకుందాం. అది పెళ్లి సభ కాదు. ఓట్ల సభ కాదు. సైన్సు సభ.

మన దేశంలో సైన్సు వాళ్ల పెద్ద సభ మొదటిసారి 1914లో కలకత్తాలో జరిగింది. తర్వాత ఆ సభ ఎన్నో ఊళ్లలో జరిగింది. 1998లో, 2006లో హైదరాబాదులో జరిగింది. 2017లో తిరుపతిలో జరిగింది. ఇట్లాంటి సభలు చిన్నవీ పెద్దవీ చాలా ఉంటాయి. వాటిలో పెద్ద సార్లే కాదు, చదువుకునే పిల్లలు కూడా మాట్లాడతారు. తాము చేసిన మొదటి పరిశోధన చెబుతారు.

పరిశోధన అంటే ఏమిటి? ఒక ప్రశ్న వేసుకోవాలి. దాని జవాబు కోసం జాగ్రత్తగా వెతకాలి. అంతే.

మన మల్యాలకు దగ్గరే జగిత్యాల. దాని పక్కన పొలాస. అక్కడ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. వ్యవసాయ కాలేజీ ఉంది. 'జగిత్యాల సన్నాలు' అనే వరి అక్కడే పుట్టింది. సాంబ మసూరి బియ్యం సన్నగా ఉంటాయి. కాని ఆ వరి ఉల్లికోడుకు తట్టుకోదు. కావ్య అనే వరి తట్టుకుంటుంది. ఆ రెండింటినీ కలిపి ఈ వరిని తయారు చేశారు. ఒక్కరోజులో కాలేదు. ఏళ్ల తరబడి నాటారు, కొలిచారు, రాశారు.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. తల్లి కైకిలికి పోయి నాట్లు వేస్తుంది. "ముదురు నారు నాటితే పిలకలు సరిగ రావు బిడ్డా" అని తల్లి ఒకరోజు అంది. అమ్మ మాట నిజమే కావచ్చు. కాని తేడా ఎంత? అదే అమ్మాయి ప్రశ్న అయింది.

వానాకాలంలో కొన్ని మళ్లలో 25 రోజుల నారు నాటింది. కొన్ని మళ్లలో 40 రోజుల నారు నాటింది. విత్తనం ఒకటే. ఎరువు ఒకటే. నీళ్లు ఒకటే. ఒక్కొక్క నారును నాలుగు మళ్లలో వేసింది. ఎందుకు? ఒక్క మడిని చూసి నమ్మరాదు. ఆ మడి నేల మంచిది కావచ్చు. పిలకలు లెక్కపెట్టింది. గింజలు తూచింది. అన్నీ నోటు పుస్తకంలో రాసింది.

సభ రోజు వచ్చింది. ఇచ్చింది పది నిమిషాలే. కాళ్లు వణికాయి. గొంతు ఎండింది. అయినా చెప్పింది. "ముదురు నారుకు పిలకలు తగ్గాయి. దిగుబడి కూడా తగ్గింది."

ఒక పెద్దసారు లేచాడు. "యాసంగిలో కూడా ఇట్లనే ఉంటుందా?" అని అడిగాడు.

అది మంచి ప్రశ్న. యాసంగిలో చలికి నారు మెల్లగా ఎదుగుతుంది. మరి ఏం చెప్పాలి? అవునని చెప్పి కూర్చోవచ్చు. ఎవరూ పట్టుకోరు. కాని ఆ మాట నమ్మి ఒక రైతు నాటితే? పంట పోతే ఆ ఇంట్లో బువ్వ ఎట్లా?

"తెలియదు సార్. నేను వానాకాలంలోనే చూశాను. యాసంగిలో కూడా నాటి చూడాలి" అంది.

సారు తల ఊపాడు. "అట్లనే చెప్పాలి. చేసి చూడు" అన్నాడు.

అమ్మాయికి సిగ్గు అనిపించలేదు. ఇంకొక ప్రశ్న దొరికిందని సంతోషపడింది. చూసింది చూసినట్టు చెప్పాలి. చూడనిది చూడలేదని చెప్పాలి. సైన్సుకు ఇదే పునాది.

అక్కలారా! ఆ తల్లికి నారు సంగతి ముందే తెలుసు. కాని ఆమె రాయలేదు. రాయని మాట నాటు మడిలోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఒక నోటు పుస్తకం పెట్టండి. నారు పోసిన తేదీ రాయండి. నాటిన తేదీ రాయండి. వడ్లు ఎన్ని బస్తాలు వచ్చాయో రాయండి. వచ్చే ఏడు మళ్లీ చూడండి.

మీ బిడ్డ ప్రశ్న అడిగితే కసరకండి. జవాబు తెలియకపోతే "తెలియదు బిడ్డా, చూద్దాం పా" అనండి.

ఆలోచించండి: మీ పొలంలో మీరు కొలిచి చూడదగ్గ ప్రశ్న ఏది?