అడవిపందుల బెడదకు ఏ తుపాకి తగును?



ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో భూమి రెండు తీరులుగా నున్నది. గోదావరి నీటిని తెచ్చు ఏలూరు కాలువకు దిగువను కొల్లేటివఱకు పల్లపు మాగాణి, ఎగువను మెట్ట. మెట్టలో అడవికి దాపుగానున్న చేలకు అడవిపంది చేయు నష్టము అందఱెఱిగినదే. మొక్కజొన్నగాని, చెఱకుగాని, వేరుసెనగగాని అది తినునది కొంత, త్రొక్కి పెల్లగించి పాడుచేయునది అంతకు మించి. లేత ఆయిలుపాము మొక్క మొదలు కొఱికి మెత్తని భాగమును తినివేసినయెడల ఆ మొక్క తిరిగి లేవదు. దానితో రైతు పెట్టిన పెట్టుబడియు, కాపునకై ఎదురుచూచిన కాలమును వ్యర్థమగును.

ఇట్టి నష్టమునకు గుఱియైన రైతు మొదట అడుగు ప్రశ్న, ఏ కాలిబరు రైఫిలు కొనవలెనని. ఈ ప్రశ్నకు మూడు విషయములు చూచి ప్రత్యుత్తర మీయవలెను: చట్టము, నేల తీరు, జంతువు తీరు.

మొదట చట్టము. తుపాకి లైసెన్సు వేఱు, పందిని కాల్చుటకు ఉత్తరువు వేఱు. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యున్నట్లు కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపంది రక్షిత జంతువు. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలలో అది రెండవ షెడ్యూలున నున్నది. నిలువు పైరునకు హాని చేయుచున్న జంతువును వేటాడుటకు ఆ చట్టపు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయన అధికార మిచ్చిన ఉద్యోగిగాని కారణములు చూపి వ్రాతమూలకముగా అనుమతి నీయవచ్చును. బీహారులో 2015లోను, ఉత్తరాఖండములో 2016లోను కొన్ని జిల్లాలయందు కొంతకాలమునకు అడవిపందిని హానికర జంతువుగా కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. అట్టి ప్రకటన ఆయా ప్రాంతములకే చెల్లునుగాని ఇతర ప్రాంతముల రైతునకు ఆధారము కాదు. కావున నష్టము జరిగిన వెంటనే అటవీశాఖవారికి వ్రాసియిచ్చి, చేనిని చూపి, ఉత్తరువు చేతికి వచ్చువఱకు వేచియుండవలెను.

కొల్లేటి సంగతి మఱింత కఠినము. 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సారు పట్టికలో చేరినది. ఆ హద్దులలోనికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని వ్రాత అనుమతి లేక ఆయుధముతో ప్రవేశించుటయే నేరము. హద్దురాళ్లకు ఆనుకొని భూములున్న రైతులు తమ చేను ఏ ప్రక్క నున్నదో ముందుగా నిర్ధారణ చేసికొనవలెను.

ఇక తుపాకి. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ సెక్షనులో పైరు కాపుదలకై నిజముగా కోరు రైతునకు చెప్పబడినది మూతినుండి మందు కూరు తుపాకి. అది చాలదని లైసెన్సు నిచ్చు అధికారికి తోచినప్పుడు 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల నునుపు గొట్టపు తుపాకికి లైసెన్సు నీయవచ్చును. పైరు కాపుదలకు సంబంధించిన ఆ మాటలలో రైఫిలు ప్రసక్తి లేదు. నేల తీరును విచారించినచో ఇందలి ఔచిత్యము తెలియగలదు.

రైఫిలు గొట్టములోపల మెలిదిరిగిన చాళ్లుండును. వానివలన గుండు గిరగిర తిరుగుచు తిన్నగా బహుదూరము పోవును. మన దేశములో లైసెన్సుపై దొరకు 0.315 అంగుళపు రైఫిలు పందిని పడగొట్టుటకు చాలును. బ్రిటిషు పాలనలో సైన్యపు 0.303 తూటా సామాన్యుల చేతికి పోకుండ కట్టడి చేసినందున ఇట్టి వేఱు కొలతలు ఈ దేశమున వాడుకలోనికి వచ్చినవి. 0.30-06 రైఫిలు ఇంకను బలమైనది. అయితే ఇట్టి రైఫిళ్ల గుండు గుఱి తప్పినచో రెండు మూడు కిలోమీటర్ల అవతల పడినను ప్రాణము తీయగలదు. మాగాణిలో అంత దూరములో ఎన్ని గట్లు, ఎన్ని చెరువులు, ఎన్ని ఇండ్లు, నీరు కట్టుటకై రాత్రివేళ తిరుగు కూలీలెందఱు! చదునైన నేలమీదను, నీటిమీదను తగిలిన గుండు ఎగిరి దారి మార్చుకొని పోవును. అడ్డుకొనుటకు కొండలేదు, మిట్టలేదు.

0.22 రైఫిలు చిన్నది గనుక అపాయము లేదను తలంపు పొరపాటు. దాని గుండు తూకము రెండున్నర గ్రాములకు కొంచెము హెచ్చు మాత్రమే. పందిని చంపజాలక గాయపఱచి వదలును. తప్పిపోయినదో, కిలోమీటరు దాటి పోవును.

ఈ ప్రాంతమునకు తగినది 12 బోరు నునుపు గొట్టపు తుపాకి. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో అందలి ఒక గుండు పట్టు గొట్టమునకే ఆ పేరు. దాని వ్యాసము సుమారు 0.73 అంగుళము. పందికి ఒంటిగుండు తూటాయే వాడవలెను. పిట్టలను కొట్టు సన్నరవ్వల తూటా చర్మములో నాటుకొని బాధించునేగాని చంపదు. ఒంటిగుండు 40 గజములలోపల గట్టిగా పనిచేయును. దూరమునకు గుఱి కుదరదు గనుక కాల్చువాడు దగ్గఱ కావలసియుండును. అదియే ఇరుగుపొరుగువారికి రక్ష.

పోతుపందికి భుజముమీద చర్మము దళసరియై డాలువలె నుండును. ఎదురుగా తలపై గుఱిపెట్టరాదు. పంది ప్రక్కకు తిరిగి నిలిచినప్పుడు, ముందుకాలి వెనుక, శరీరపు ఎత్తులో క్రింది మూడవవంతున గుండె యుండును. అచ్చట తగిలినప్పుడు త్వరగా చచ్చును. కాల్పు ఎల్లప్పుడును మంచెమీదినుండియే జరుగవలెను. మంచె యెత్తునుండి దగ్గఱిలోని పందిని కాల్చినప్పుడు గుండు వాలుగా దిగి భూమిలో నాటుకొనును. గట్టుమీద నిలుచుండి కాల్చినప్పుడు అదే గుండు పొరుగు చేనిలోనికి పోవును. కిక్కిసలోగాని, చెఱకులోగాని కదలిన చప్పుడునకు కాల్చుట మహాపాపము. ఆ కదలునది గేదె కావచ్చును, ఒకరి ఊరపంది కావచ్చును, మనిషియే కావచ్చును. జంతువు నిండుగా కనబడి, దాని వెనుక ఏమున్నదో తెలిసిననే గాని మీటపై వ్రేలు పెట్టరాదు.

గాయపడిన పంది బహు ప్రమాదకరము. చీకటిలో దాని వెంట పొదలోనికి పోరాదు. తెల్లవాఱిన పిమ్మట అటవీశాఖవారికి తెలిపి వారితో కలిసి వెదకవలెను. ఉత్తరువు మేరకు చంపిన పందియైనను ప్రభుత్వపు సొత్తు. మాంసము పంచుకొనుటకుగాని అమ్ముకొనుటకుగాని వీలులేదు.

ఒక్క ఆడపంది ఈతకు నాలుగు మొదలు ఆఱు పిల్లలను పెట్టును. కనుక ఒకటి రెండింటిని కాల్చినంతమాత్రమున చేనికి శాంతి కలుగదు. స్థిరమైన రక్ష కంచెయే. పంది మూతితో త్రవ్వి క్రిందినుండి దూఱును గనుక వల కంచె అడుగు భాగమును మట్టిలో పాతవలెను. రాజేంద్రనగరపు వ్యవసాయ పరిశోధకులు మొక్కజొన్న చుట్టును ఆముదమును, వేరుసెనగ చుట్టును ముండ్లుగల కుసుమను దట్టమైన వరుసలుగా వేయుమని సలహా యిచ్చియున్నారు. సూర్యశక్తితో పనిచేయు కంచె క్షణకాలపు తాకిడి మాత్రమిచ్చి జంతువును మరల్చును.

కాని స్తంభమునుండిగాని, మోటారు పెట్టెనుండిగాని తీగ లాగి చేని చుట్టును కరెంటు పెట్టుట హత్యతో సమానము. అట్టి తీగలు తగిలి పందులేగాక పాలేరులును, పశువులును, కొన్నిచోట్ల తీగ కట్టిన రైతులే మరణించియున్నారు. పైరు పోయినచో మఱుసటి కారునకు మరల వేసికొనవచ్చును. పోయిన మనిషి తిరిగిరాడు.

కావున మొదట కంచెయు, పిదప మంచెమీది కావలియు ఏర్పఱచుకొనవలెను. అవి చాలనప్పుడు ఉత్తరువునకు దరఖాస్తు చేయవలెను. ఉత్తరువు వచ్చిన పిమ్మట, లైసెన్సు గల 12 బోరు తుపాకితో, ఒంటిగుండుతో, మంచెమీదినుండి మాత్రమే కాల్చవలెను. మాగాణిలో రైఫిలు ప్రసక్తి వలదు. చేను కాచుకొనుట ఎంత ధర్మమో, పొరుగుచేనిలో నీరు కట్టువాని ప్రాణము కాచుటయు అంత ధర్మమని రైతులు గ్రహింతురు గాక.