సమ్మె హక్కు ఉండాలా?



సమ్మె అన్న మాట వినగానే మనకు ముందు చిరాకే పుడుతుంది. బస్సు రాదు, బ్యాంకు తెరవరు. “జీతాలు తీసుకుంటూ ఇదేం పొగరు!” అని మనమే అంటాం. నేనూ అన్నదాన్నే. కానీ 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగినప్పుడు ఆ మాట నా నోట రాలేదు.

అంగన్‌వాడీలు 1975లో మొదలైన పథకం. పసిపిల్లలకు ఆటపాటలు, అక్షరాలు నేర్పడం, గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహారం అందించడం, పిల్లల్ని టీకాలకు పోగుచేయడం, బరువు తూచి రాయడం వాళ్ళ పనులు. పైగా ఆ లెక్కలన్నీ ఫోనులోకి ఎక్కించాలి. సమ్మెనాటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ఆ డబ్బుతో ఇల్లెలా గడుస్తుందో మన పద్దుల పుస్తకం తీస్తే తెలుస్తుంది. దాన్ని జీతం అనకూడదట, ‘గౌరవ వేతనం’ అనాలట! గౌరవాన్ని చూపిస్తే కొట్లో కందిపప్పు ఇవ్వరు కదండీ.

డిసెంబరు 12న పని ఆపారు. జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. పేపర్లలో ‘ఎస్మా’ అని రాస్తారే, అదే. ఇదే నాకు మింగుడుపడలేదు. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని మానేస్తే అత్యవసర సేవానా? వీళ్ళకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2022లోనే గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ అది కూడా రోడ్డెక్కి అడగవలసి వచ్చింది.

అయితే ఒకమాట దాచకూడదు. జనవరి 22 రాత్రి చర్చలు కుదిరేవరకూ, ఆ 42 రోజులూ ఇబ్బంది పడింది పేదింటి పిల్లలే. సచివాలయ సిబ్బందిచేత తాళాలు తీయించినంత మాత్రాన, బిడ్డను పేరుపెట్టి పిలిచి బుజ్జగించే మనిషి వస్తుందా? అందుకని చెప్పాపెట్టకుండా పని మానడాన్ని నేను మెచ్చను. నీళ్ళు, రైళ్ళవంటి ప్రజోపయోగ సేవల్లో నోటీసిచ్చి 14 రోజులు గడిచేదాకా సమ్మె చేయరాదని 1947 నాటి చట్టమే అంది. బాగానే ఉంది. కానీ ఆ పధ్నాలుగు రోజులూ పనివాళ్ళు ఆగడానికేనా? పైవాళ్ళు పిలిచి మాట్లాడడానికి కూడా కదా!

ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు నైతికంగా కూడా లేదని 2003లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు అంది. కోర్టు తీర్పును తర్కించే చదువు నాకు లేదు. ఇంట్లో జరిగింది మాత్రం చెబుతాను.

మా పనిమనిషి జీతం పెంచమని ఏడాదిగా అడుగుతోంది. “పండగ వెళ్ళనీ, చూద్దాం” అంటూ దాటేస్తూ వచ్చాను. ఒకసారి వరసగా మూడురోజులు రాలేదు. సింకులో గిన్నెలు, పెరట్లో బట్టలు పేరుకుపోయాయి. నాలుగోనాడు నేనే వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. పాపం, నిజంగానే జ్వరంతో పడుకుని ఉంది. జీతం మాట తను ఎత్తలేదు. నేనే ఎత్తాను.