వడిసెల తిప్పిన అమ్మాయి



దీపం కుందె పక్కన, బల్ల మీదున్న ఈ ఇనపగుండుని వచ్చిన దగ్గర్నుంచీ అందరూ చూస్తున్నారు. ఇది హేమర్. ఒక గుండు, దానికో ఉక్కు తీగ, తీగ చివర మూడు మూలల పిడి. అన్నీ కలిపి 4 కిలోలు. ఒకప్పుడు నిజంగానే సుత్తి విసిరేవారట. సుత్తి పోయి పేరు మిగిలింది. మన డ్రిల్లు టీచరమ్మ జ్ఞాపకార్థం జరుపుకుంటున్న ఈ ఉపన్యాసంలో, దీన్ని విసిరి 17 ఏళ్ళకే ఒలింపిక్ బంగారం గెలిచిన పోలండు అమ్మాయి కమీలా స్కొలిమోవ్‌స్కా గురించి చెబుతాను.

అనకాపల్లిలో ఆ అమ్మాయి కథ ఎందుకని అడగొచ్చు. ఆ కథకి మన ఉత్తరాంధ్రతో చుట్టరికం ఉంది.

మగవాళ్ళకి హేమర్ పోటీని 1900 పారిస్ ఒలింపిక్స్‌లోనే పెట్టారు. ఆడవాళ్ళకి 2000 సిడ్నీ దాకా పెట్టలేదు. నూరేళ్ళు! వెయిట్‌లిఫ్టింగ్ సంగతీ అంతే. 1896 ఏథెన్స్‌లో మగవాళ్ళు ఎత్తారు, ఆడవాళ్ళు మళ్ళీ సిడ్నీలోనే. బరువు ఆడదాని ఒంటికి పడదన్నారు. చెరుకు మోపు నెత్తినెత్తుకుని గట్ల మీద నడిచే ఆడవాళ్ళని చూస్తూ పెరిగినవాళ్ళం, ఆ మాట ఎంత అబద్ధమో మనకి తెలుసు.

సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపిల్ల, నీలంశెట్టి అప్పన్న గారి శిష్యురాలు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు నిలవలేదు. నిలిచి ఉంటే బంగారమే. సరిగ్గా పది రోజులకి, సెప్టెంబరు 29న, అదే ఊళ్ళో కమీలా వలయంలోకి దిగింది. ఆమె తండ్రి రాబర్ట్ కూడా వెయిట్‌లిఫ్టరే, 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పోటీపడ్డవాడు. తండ్రి చేసిన పనిని ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు చేయడం, కూతురు ఎంచుకున్న ఆటలోకి ఆడవాళ్ళు రావడం ఒకే ఏడాది జరిగాయి.

జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టల్ని తోలిన పెద్దవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. హేమర్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. వడిసెల తిప్పేవాడు నిలబడి ఉంటాడు, ఇక్కడ మనిషే వడిసెల. వలయం అడ్డకొలత 2.135 మీటర్లు, మన నులకమంచం పొడవుకి కాస్త ఎక్కువ. మైదానానికి వీపు పెట్టి నిలబడాలి. గుండుని తలచుట్టూ తిప్పి, ఊపు అందాక మడమ మీదా మునివేళ్ళ మీదా బొంగరంలా మూడు నాలుగు చుట్లు తిరగాలి. చుట్టు చుట్టుకీ గుండు లాగుడు పెరుగుతుంది, ఒంటి బరువుని మించిపోతుంది. దాన్ని భుజబలంతో వెనక్కి గుంజబోతే పని చెడుతుంది. మోకాళ్ళు వంచి, కుర్చీలో కూలబడ్డట్టు వెనక్కి వాలి, ఆ లాగుడుకి తన బరువునే తూకం వేయాలి. అందుకే ఈ ఆట బలం ఆట అంటే నేను ఒప్పుకోను. కమీలా గుండు 71.16 మీటర్ల దగ్గర పడింది. 70 మీటర్లు దాటిన తొలి మహిళ, రష్యాకి చెందిన ఓల్గా కుజెంకోవా రెండో స్థానంలో నిలిచింది.

ఆ తర్వాతి ఏళ్ళు అంత కలిసిరాలేదు. 2002లో యూరప్ రజతం వచ్చింది, 2007లో తన ఉత్తమ దూరం 76.83 మీటర్లు విసిరింది. ఒలింపిక్ పతకం మాత్రం మళ్ళీ రాలేదు. 2009 ఫిబ్రవరి 18న పోర్చుగల్‌లో శిక్షణ శిబిరంలో ఉండగా ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి చనిపోయింది. 26 ఏళ్ళు.

ఇక్కడ నేను కాసేపు ఆగి ఒక తొడుగు గురించి చెప్పాలి. హేమర్ విసిరేవాళ్ళు ఎడమ చేతికి తోలు తొడుగు వేసుకుంటారు. వేళ్ళ కొసలు బయటికి ఉంటాయి. పిడి ఒరుసుకునే చోట తోలు నల్లబడి, వేసుకున్నవాళ్ళ వేళ్ళ వంపు దానికి దిగిపోతుంది. కమీలా తొడుగు ఆమె తోటి క్రీడాకారిణి అనీతా వ్లొదార్చిక్‌కి చేరింది. అనీతా 2015లో 80 మీటర్లు దాటింది, ఆడవాళ్ళలో మొదటిది. 2016 ఆగస్టు 15న రియోలో ఆ తొడుగుతోనే 82.29 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచింది. 13 రోజుల తర్వాత వార్సాలో కమీలా స్మారక పోటీ. అక్కడ 82.98. వేరే ఏ మైదానంలో జరిగినా ఆ రికార్డు రికార్డే, కానీ కమీలా పుట్టిన ఊళ్ళో, కమీలా పేరున జరిగింది. 2012, 2016, టోక్యో, వరసగా మూడు ఒలింపిక్ బంగారాలు అనీతావి.

మన దేశంలో మంజు బాల 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో పతకం తెచ్చింది. 2017లో సరితా సింగ్ 65.25 మీటర్లతో జాతీయ రికార్డు నెలకొల్పింది. ఆ జాబితాలో తెలుగు పేరు కోసం నేను ఎదురుచూస్తున్నాను. పిల్లలు లేక కాదు. హేమర్ చేతి నుంచి జారితే ఎటు పోతుందో చెప్పలేం, చుట్టూ ఎత్తయిన వల జాలీ లేకుండా ఏ టీచరూ పిల్లల చేత విసిరించకూడదు. నాలుగు స్తంభాలు, గట్టి వల, ఓ సిమెంటు వలయం. మా టీచరమ్మ బతికున్నన్నాళ్ళూ అడిగింది ఇవే. ఈ వేదిక మీదున్న పెద్దలని ఆవిడ తరఫున నేను మళ్ళీ అడుగుతున్నాను.

ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లలూ, సభ అయ్యాక ఒక్కొక్కరే బల్ల దగ్గరికి రండి. గుండు పక్కన తొడుగు కూడా పెట్టాను. ఎడమ చేతికి వేసుకుని, పిడి పట్టుకుని, లేపి చూడండి.