ఆగడం తెలిసిన యంత్రం



చిత్తూరు, తిరుపతి, నెల్లూరు జిల్లాల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట, "చెన్నైకి తీసుకుపోదాం" అని. క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్సను మనవైపు "కరెంటు పెట్టడం" అంటారు. అందులో షాక్ కొట్టే కరెంటేమీ ఉండదు. కణాలను మహావేగంతో పరుగెత్తించే యంత్రం ఉంటుంది, ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటర్ ఉంటుంది. ఈ రెంటినీ రోగి దగ్గరకు తెచ్చేముందు ఎలా పరీక్షిస్తారో ఈ రోజు చెప్పుకుందాం.

చెన్నై తరమణిలో అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్ ఉంది. 2019 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లావాసి ముప్పవరపు వెంకయ్యనాయుడు దాన్ని ప్రారంభించారు. మన దేశంలో ప్రోటాన్ చికిత్స మొదలైంది అక్కడే. అక్కడి సైక్లోట్రాన్ బెల్జియం దేశపు ఐబీఏ సంస్థ తయారుచేసినది. ఆ తరహా యంత్రం సుమారు 220 టన్నుల బరువు ఉంటుంది. ప్రోటాన్లను అయస్కాంతాల నడుమ గుండ్రంగా తిప్పుతూ, చుట్టుచుట్టుకూ వేగం పెంచుతూ, కాంతి వేగంలో దాదాపు 60 శాతం దాకా తీసుకుపోతుంది.

మామూలు ఎక్స్ కిరణం శరీరంలో ఒకవైపు దూరి మరోవైపు బయటికి వస్తుంది. ప్రోటాన్ అలా కాదు. కొంత లోతుకు వెళ్లి ఆగిపోతుంది. ఆగే చోటనే తన శక్తిని అన్నిటికంటే ఎక్కువగా వదులుతుంది. పూర్తి శక్తితో వచ్చిన ప్రోటాన్ నీటిలో సుమారు 32 సెంటీమీటర్లు పోతుంది. కణితి అంత లోతున లేకపోతే, దారిలో గ్రాఫైట్ అడ్డుపెట్టి ఆ శక్తిని తగ్గిస్తారు. ఆ తర్వాత అయస్కాంతాలు కిరణాన్ని అటూ ఇటూ కదుపుతాయి. కణితిని పొరలుగా లెక్కకట్టి, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు ఒక్కొక్క పొరను చుక్కలతో నింపుతాయి. ఒక్కో చుక్కకు పట్టే కాలం సెకనులో వెయ్యోవంతుల లెక్క. అంత వేగం మనిషి చేతికి అందదు. అందుకే ఆ పని కంప్యూటర్‌కు అప్పగించారు.

అయితే కణితి వెనుకనే వెన్నుపాము ఉందనుకోండి. లెక్క కొద్దిగా తప్పినా దెబ్బ దానికి తగులుతుంది. కాబట్టి యంత్రాన్ని బిగించిన వెంటనే చికిత్స మొదలుపెట్టరు. కమీషనింగ్ అనే సుదీర్ఘమైన పరీక్ష జరుగుతుంది. మనిషికి బదులు నీళ్ల తొట్టి పెట్టి, అందులో కొలత పరికరాలు ఉంచి, కిరణం ఎంత లోతున ఆగింది, ఎంత మోతాదు ఇచ్చింది అని కొలుస్తారు. కంప్యూటర్ వేసిన లెక్కతో పోల్చిచూస్తారు.

అది సగం పనే. మిగతా సగం, కావాలని తప్పులు చేయడం. కిరణం వస్తుండగా గది తలుపు తెరుస్తారు. అత్యవసర మీట నొక్కుతారు. మోతాదును కొలిచే పరికరాల్లో ఒకదాన్ని పనిచేయకుండా చేస్తారు. ప్రతిసారీ కిరణం ఆగిందా లేదా అని చూస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి వచ్చాకనే రోగికి చికిత్స.

ఈ జాగ్రత్త వెనుక ఒక విషాదం ఉంది. కెనడాలో తయారైన థెరాక్-25 అనే చికిత్సా యంత్రం 1985-87 మధ్య ఆరుగురికి ప్రమాదకరమైన అధిక మోతాదు ఇచ్చింది. అంతకుముందు నమూనాలో సాఫ్ట్‌వేర్ పొరబడినా కిరణాన్ని ఆపే విడి రక్షణలు ఉండేవి. కొత్త నమూనాలో సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకొని వాటిని తీసేశారు. 1986లో అమెరికాలోని టైలర్ పట్టణంలో ఆపరేటర్ ఒక అక్షరం తప్పు కొట్టి, చకచకా దిద్దింది. అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ లోపలే దిద్దడంతో కంప్యూటర్ ఆ మార్పును పూర్తిగా పట్టుకోలేదు. తెరమీద "లోపం 54" అని మాత్రం వచ్చింది. దాని అర్థం ఆమెకు తెలియదు. యంత్రం తరచూ అలా ఆగుతూ ఉండేది కాబట్టి, ఆమె అలవాటుగా "కొనసాగించు" మీట నొక్కింది. ఇవ్వవలసిన దానికి సుమారు వంద రెట్లు మోతాదు పడింది. ఆ రోగి కొన్ని నెలలకు మరణించాడు.

రైతు సోదరులకు ఈ సంగతి కొత్త కాదు. ఒక ఫేజ్ పోతే మోటారు కాలకుండా స్టార్టరులో ప్రివెంటర్ పెట్టుకుంటాం. మాటిమాటికీ మోటారును ఆపేస్తోందని విసిగి, కొందరు దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తారు. కొన్నాళ్లు నీళ్లు బాగానే పారుతాయి. ఒకనాడు వైండింగ్ కాలిపోతుంది. మోటారైతే మళ్లీ చుట్టించుకోవచ్చు.

అందుకే ఇప్పటి యంత్రాల్లో నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఆపే వ్యవస్థ వేరొకటి. మోతాదును ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు కొలుస్తాయి. ప్రతి ఉదయం మొదటి రోగి రాకముందే మళ్లీ పరీక్షలు జరుగుతాయి.

తెల్లవారుజామున బస్సెక్కి ఆసుపత్రికి చేరుకున్నాక, "యంత్రం ఆగింది, కాస్త కూర్చోండి" అంటే ఎవరికైనా విసుగు కలుగుతుంది. సాయంత్రం బస్సు తప్పిపోతుందన్న బెంగ కూడా ఉంటుంది. అయినా ఆ సిబ్బందిని తొందరపెట్టకండి. ఎందుకు ఆగిందో వారు తేల్చుకోనివ్వండి. ఆగవలసిన చోట ఆగింది కనుకనే ఆ యంత్రాన్ని నమ్మి మన వారిని దాని కింద పడుకోబెట్టగలుగుతున్నాం.