పిల్లల పుస్తకాల్లో మన వాడ ఎక్కడ?

(వాడలో పిల్లల గ్రంథాలయం ప్రారంభించిన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మన అంబేద్కర్ భవనంలో ఒక బీరువా పెట్టుకున్నాం. ఇంటికి ఇంత అని కూలి డబ్బుల్లోంచి వేసుకొని కొన్న బీరువా ఇది. ఇందులో పిల్లల పుస్తకాలు పెడతాం. ఊళ్ళోంచి ఒక పెద్దమనిషి తన ఇంట్లో బైండు చేయించి దాచుకున్న పాత చందమామలు ఇస్తానని కబురు చేశాడు. తీసుకోవాలా వద్దా అని యువజన సంఘంలో గట్టిగానే వాదన జరిగింది. 'మనల్ని మనుషులుగా లెక్కపెట్టని కథలు మన బీరువాలో ఎందుకు?' అని కొందరు తమ్ముళ్ళు అడిగారు. 'చిన్నపిల్లల కథలక్కూడా కులమేంది?' అని ఇంకొందరు అడిగారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. వాటికి జవాబు వెతకడానికే ఈ నాలుగు మాటలు.

మేం వాడల్లో పుట్టి టీచర్లమైన వాళ్ళం. మా ఇండ్లల్లో మాకంటే ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. బడిలో మేం ఏటేటా చూసే సంగతి ఒకటి ముందు చెప్తాం. నాలుగో తరగతి పిల్లల్ని 'మా ఇల్లు' గురించి పది వాక్యాలు రాయమంటాం. మన వాడ పిల్ల ఏం రాస్తుంది? 'మా నాన్న ఆఫీసుకు వెళతాడు. మా అమ్మ పూజ చేస్తుంది. మా ఇంటి ముందు తులసికోట ఉంది' అని రాస్తుంది. ఆ పిల్ల తండ్రి సుతారి పనికి పోతాడు. తల్లి నాట్లకు పోతుంది. ఇంటి ముందు ఉన్నది కోళ్ళ గూడు. ఆ పిల్ల అబద్ధాలకోరు కాదు. పుస్తకంలో ఇల్లంటే అట్లాగే ఉంటదని దానికి తెలుసు. చదివిన ప్రతి పుస్తకమూ ఆ సంగతే చెప్పింది. తన ఇల్లు, తన తల్లి పని, తను తిన్న కూర అక్షరాలకు తగినవి కావని ఎనిమిదేళ్ళకే తేల్చుకున్నది. అక్షరాలు నేర్చుకుంటూ ఆ అక్షరాలతోనే తనను తాను కొట్టేసుకుంటున్నది.

కథలకు కులమేంది అన్న తమ్ముళ్ళకు ఇది మొదటి జవాబు. రెండో జవాబు కథల్లోనే ఉంది.

తెనాలి రామలింగడి కథలు వినని తెలుగు పిల్లలుంటారా? వాటిలో నల్లకుక్క కథ ఒకటి. రాజు నిద్రలో ఉండగానే, నిద్ర చెడకుండా, మంగలి గడ్డం గీస్తాడు. రాజు మెచ్చి ఏం కావాలో కోరుకోమంటాడు. నన్ను బ్రాహ్మణుణ్ణి చేయించమంటాడు మంగలి. బ్రాహ్మణులు బెంబేలెత్తి రామలింగడి దగ్గరికి పరుగెత్తుతారు. తెల్లారి రామలింగడు ఏటి ఒడ్డున ఒక నల్లకుక్కను పట్టుకొని రుద్ది రుద్ది కడుగుతుంటాడు. ఇదేం పని అని రాజు అడిగితే, మంగలి బ్రాహ్మణుడు కాగా లేనిది నల్లకుక్క తెల్లకుక్క కాదా అంటాడు. రాజుకు 'బుద్ధి' వస్తుంది. ఇక పిల్లలు నవ్వాలి. ఎవరిని చూసి నవ్వాలి? నిద్ర చెడకుండా గడ్డం గీసిన ఆ చేతి పనితనం ఎటుపోయింది? మనిషిని కుక్కతో పోల్చి, పుట్టుకే శాశ్వతమని చెప్పే మనుధర్మాన్ని చిన్నపిల్లలకు నవ్విస్తూ తాగించడం ఇది. తరగతిలో ఉన్న మంగలి పిల్లవాడు కూడా అందరితో కలిసి నవ్వాలి. నవ్వకపోతే వాడికి హాస్యం తెలియదంటారు.

హరిశ్చంద్రుడి కథ చూడండి. సత్యం పలకాలని పిల్లలకు చెప్పే కథ. రాజు రాజ్యం పోగొట్టుకున్నాడు, ఆలుబిడ్డలను అమ్ముకున్నాడు. ఇంకా పెద్ద కష్టం ఏమిటి? కాటికాపరి కావడం! అంటే మన తాతలు దినదినం చేసిన పని రాజు కొన్నాళ్ళు చేస్తే అది లోకం కన్నీరు పెట్టే కష్టం. తరతరాలుగా చేసినవాళ్ళ కోసం కన్నీరు లేదు. ఇంకో సంగతి. రాజు అప్పు చివరికి తీరింది వీరబాహుడి సొమ్ముతో. రాజు సత్యం నిలబడింది కాటి యజమాని ఇచ్చిన డబ్బు మీద. ఈ మాట ఏ పిల్లల పుస్తకమైనా చెప్తుందా? పైగా మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు కూడా వేషం వేసుకొచ్చిన ధర్మదేవతే. అంటే కథలో ఒక్క చండాలుడు గొప్ప పని చేస్తే, వాడు కూడా నిజంగా చండాలుడు కాడన్నమాట!

అదే హరిశ్చంద్ర నాటకం మన ఊళ్ళల్లో ఆడినప్పుడు కాటిసీనులో ఎవరి పద్యాలకు వన్స్‌మోర్లు కొడతారు? గుర్రం జాషువా పద్యాలకు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన నాటకంలోకి జాషువా శ్మశానం పద్యాలను నటులే తెచ్చి కలుపుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానివాడని అవమానాలు పడిన కవి గొంతు లేకపోతే ఆ సీను పండదు. ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

ఇక చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపించాడు. తేట తెలుగు, చక్కని బొమ్మలు. మాలో ఎందరికో గడగడా చదవడం నేర్పింది ఆ పత్రికే. ఆ మేలు మరిచిపోము. అందులో తెలివైన రైతులు, కుమ్మరులు, చాకలివాళ్ళు అప్పుడప్పుడు కనబడతారు. కానీ కథ ఎన్నిసార్లు పేద బ్రాహ్మణుడితోనో, రాజకుమారుడితోనో, షావుకారుతోనో మొదలవుతుందో లెక్కపెట్టండి. మాదిగ ఇంట్లో మొదలైన కథలు ఎన్నో లెక్కపెట్టండి. ఆ ఊళ్ళకు గుడి ఉంటది, చెరువు ఉంటది, సత్రం ఉంటది. వాడ మాత్రం ఉండదు. వాడ లేని ఊరు తెలుగు దేశంలో ఎక్కడైనా ఉందా? చందమామ 2013 నాటికి ఆగిపోయింది గానీ ఆ వాడ లేని ఊరు పిల్లల మనసుల్లోంచి పోలేదు.

అమర చిత్ర కథలు 1967లో మొదలైతే, బాబాసాహెబ్ మీద బొమ్మల పుస్తకం 1979లో వచ్చింది. పన్నెండేళ్ళు! దేవుళ్ళు, రాజులు అయినాకనే రాజ్యాంగం రాసినాయనకు వంతు వచ్చింది.

ఇప్పటి పిల్లలకు టీవీ ఉంది, సెల్లు ఉంది. మన హైదరాబాదులోనే తయారయి 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్ చూడని పిల్లలు తక్కువ. అందులో గొప్పలకుపోయి నవ్వులపాలయ్యే లావు పిల్లవాడి పేరు కాలియా. కాలా అంటే నలుపు. బడిలో నల్లగా ఉన్న పిల్లవాణ్ణి తోటిపిల్లలు ఆ పేరు పెట్టి పిలుస్తుంటే మేం విన్నాం. బొమ్మ వేసినవాళ్ళు కావాలని చేసి ఉండకపోవచ్చు. అయినా దెబ్బ తగిలేది మన పిల్లలకే.

అట్లయితే మన బొమ్మ కూడా ఒకటి వేస్తే సరిపోతుందా? సరిపోదు. పాఠ్యపుస్తకంలో 'మన సహాయకులు' వరసలో చెప్పులు కుట్టే మనిషిని వేస్తారు. తల వంచుకొని, చెట్టు కింద ఒంటరిగా కూర్చొని ఉంటాడు. పక్కన డాక్టరు నిలబడి ఉంటాడు. డాక్టరుకు విద్య ఉన్నట్టు, చెప్పులు కుట్టే మనిషికి ఒట్టి చేతులే ఉన్నట్టు! పచ్చితోలు కుళ్ళకుండా సున్నంలో నానేసి, వెంట్రుక రాల్చి, తంగేడు చెక్కతో లందలో ఊరేసి, ఏళ్ళకేళ్ళు మన్నే తోలు చేయడం రసాయనశాస్త్రం కాదా? మోటకు తోలు తొండం కట్టకపోతే బావి నీళ్ళు పొలానికి పారేవా? దప్పును ఏ సెగ మీద ఎంతసేపు కాచాలో తెలిసిన చెవి సంగీతం తెలిసిన చెవి కాదా? జాలి పుట్టించే బొమ్మ మనకొద్దు. మనవాళ్ళకు ఏం తెలుసో, ఏం చేశారో చెప్పే కథ కావాలి. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవం పుస్తకం ఈ పనే చేసింది. కుమ్మరి, చాకలి, తోలుపని చేసేవాళ్ళ విద్యలను విద్యలుగానే చెప్పింది.

బొమ్మల కథ మనకు కొత్తది కాదు. పిల్లల పత్రికలు పుట్టకముందే మన వాడల్లో బొమ్మల కథలు ఉన్నాయి. డక్కలివాళ్ళు పటం పరిచి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ జాంబపురాణం చెప్పేవాళ్ళు. భూమి పుట్టక ముందే జాంబవంతుడు పుట్టాడని, మనం తోకగా రాలేదని, మొదలే మనమని ఆ కథ చెప్తుంది. చేర్యాల నకాశీ చిత్రకారులు ఆ పటాలు వేసేవాళ్ళు. చిందువాళ్ళు రాత్రంతా ఆడేవాళ్ళు. ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. మనకు ఆ కథ మోసుకొచ్చిన డక్కలివాళ్ళను మనమూ దూరంగానే ఉంచాం. ఈ బీరువా తాళం తీసేనాడు ఊరి బయట గుడిసెల్లో ఉన్న వాళ్ళ పిల్లలు కూడా ఇక్కడ కూర్చోవాలి. లేకపోతే మనం మాట్లాడేదంతా దండగ.

సముద్రాల అవతల కూడా ఈ పోరాటం జరిగింది. అమెరికాలో నల్లజాతి నాయకుడు డుబాయిస్ 1920 జనవరిలో నల్లపిల్లల కోసం 'బ్రౌనీస్ బుక్' అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. నల్లపిల్లలకు వాళ్ళ ముఖాలు, వాళ్ళ వీరులు కనబడే పత్రిక అది. రెండేళ్ళు, 24 సంచికలు నడిచింది. తర్వాత గొప్ప కవి అయిన లాంగ్‌స్టన్ హ్యూస్ రాతలు కుర్రవాడిగా ఉన్ననాడే అందులో అచ్చయ్యాయి. సరిగ్గా అదే నెల, 1920 జనవరి 31న, బాబాసాహెబ్ మూక్‌నాయక్ పక్షపత్రిక తెచ్చారు. 1946లో బాబాసాహెబ్ డుబాయిస్‌కు ఉత్తరం కూడా రాశారు. నోరు లేదనిపించుకున్న వాళ్ళకు సొంత పత్రిక ఉండాలని ఇద్దరికీ తెలుసు.

మన దగ్గరా పని మొదలైంది. హైదరాబాదులోని అన్వేషి వాళ్ళు 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చారు. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటివాళ్ళ కథలు అందులో ఉన్నాయి. 2011లో వచ్చిన 'భీమాయన'లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బాబాసాహెబ్ బాల్యాన్ని, ఆ మంచినీళ్ళ అవమానాన్ని బొమ్మల్లో చెప్పారు. బడిలో గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడు ఎవరో మన పిల్లలు అందులో చూస్తారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ లంబాడా పిల్ల, అప్పటికి 13 ఏళ్ళు. ఆమెతో ఎక్కిన ఆనంద్‌కుమార్ దళితుల పిల్లవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళే. ఇట్లాంటి కథ ప్రతి వాడ బీరువాలో ఉండాలి.

ఇప్పుడు చందమామల సంగతి. మా మాట ఏమంటే, తీసుకుందాం. మన పిల్లలకు ఏ పుస్తకమూ నిషేధం కావద్దు. చదువు నిషేధించిన బాధ మనకు తెలుసు. కానీ ఒట్టిగా చదవనియ్యొద్దు. మూడు పనులు చేద్దాం.

ఒకటి. ప్రతి పుస్తకం అట్ట లోపల ఒక కాగితం అంటిద్దాం. ఈ కథలో పని ఎవరు చేశారు? తెలివి ఎవరికి ఉందన్నారు? ఎవరిని చూసి నవ్వమన్నారు? ఎవరు కనబడలేదు? చదివిన పిల్లలు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఏకలవ్యుడి కథ చదివినప్పుడు, వేలు అడిగినాయన గురువెట్లా అయ్యాడని వాళ్ళే అడుగుతారు.

రెండు. శనివారం రాత్రి ఒక అవ్వనో తాతనో ఇక్కడ కూర్చోబెడదాం. కథ చెప్తే పిల్లలు రాయాలి. అవ్వ ఎట్లా అన్నదో అట్లాగే రాయాలి. బాస దిద్దవద్దు. బొమ్మలు పిల్లలే వేయాలి. నెలకొకసారి అవి భవనం గోడకు అంటిద్దాం. బాగున్నవి ఈ పత్రికకు పంపుదాం.

మూడు. టీచర్లను అడగండి. మీ పిల్ల 'మా ఇల్లు' అని రాసిన కాగితం చూపించమని అడగండి. చదవడం రాకపోతే చదివించుకొని వినండి. అందులో మీరు లేకపోతే ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, మీరు నాట్లు వేసే పొలం గురించి, కట్టిన గోడల గురించి చెప్పండి. మళ్ళీ రాయమనండి. ఆ కాగితం ఈ బీరువాలో మొదటి పుస్తకం పక్కన పెడదాం.

మన తాతలను అక్షరం దగ్గరికి రానియ్యలేదు. మన పిల్లలను రానిచ్చారు గానీ ఇల్లు, తల్లి, పేరు బయట వదిలి రమ్మంటున్నారు. వదలం. అన్నిటితోనూ వస్తాం.

జై భీమ్!