త్రాయ్‌గా ఒప్పు, ఆయ్‌గా తప్పు

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ గురువుగారు, వ్యాకరణంలో అపవాదం ఎదురైతే బట్టీ పట్టే ముందు దాని వంశం వెతకమనేవారు. స్పానిష్ నేర్చుకునేవారిని బాగా కలవరపెట్టే సబ్‌జంక్టివ్ రూపాల్లో ఆ వెతుకులాట ఎక్కడికి తీసుకుపోతుందో చూద్దాం.

ఉన్నదున్నట్టు చెప్పడానికి ఒక క్రియారూపం, కోరికకూ సందేహానికీ భయానికీ మరొకటి ఆ భాషలో ఉన్నాయి. మన ‘కలుగుగాక’ ఈ రెండోదానిలో కొంతమేరకే సరిపోతుంది. ‘నువ్వు రావాలని నా కోరిక’, ‘వాడు వస్తాడనుకోను’ అన్నచోట్ల కూడా వాళ్లకు ఆ రూపమే కావాలి.

కట్టే సూత్రం తేలికే. వర్తమానంలో ‘నేను’ రూపం తీసుకుని, చివరి ఓకారం తీసేసి, ఆర్ అంతమైన క్రియలకు ఏకారం, ఎర్, ఇర్ అంతమైనవాటికి ఆకారం చేర్చాలి. తెనెర్ (కలిగి ఉండు) ‘తెంగో’ అవుతుంది కనుక ‘తెంగా’. ఆసెర్ (చేయు) ‘ఆగో’ కనుక ‘ఆగా’. ‘నేను’ రూపం ఓకారాంతం కానివి ఆరే: సెర్, ఎస్తార్, ఇర్, దార్, సబెర్, అబెర్. వాటికి వరసగా సేఆ, ఎస్తే, బాయా, దే, సేపా, ఆయా. ఇవి కంఠస్థం కావలసిందే.

అయినా కారణం అడగాలి. సబెర్ (తెలియు)లో బకారం ఉండగా సేపాలో పకారం ఎక్కడిది? లాటిన్ ‘సాపెరె’లో అచ్చుల నడుమ ఉన్న పకారం స్పానిష్‌లో బకారమైంది. ‘సాపియమ్’లో మాత్రం పక్కనున్న యకారధ్వని దాన్ని కాపాడింది. ఆ యకారమే ముందుకు జరిగి ఆకారంతో కలిసి ఏకారమైంది. కబెర్ (ఇముడు) నుంచి ‘కేపా’ వచ్చిందీ ఇలాగే.

నేను ముఖ్యంగా చెప్పదలచింది అబెర్ (ఉండు) నుంచి వచ్చిన ‘ఆయా’ గురించి. స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ పల్లెజనం దీన్ని ‘ఆయ్‌గా’ అంటారు. బళ్లో అది తప్పు, చదువులేనితనానికి గుర్తు. కొత్తగా డబ్బు చేసినవాళ్లు ‘ఉన్నవాటిలోకెల్లా పెద్దది’ ఇమ్మని కారు అడుగుతూ ఈ రూపం వాడేవారట. ఆ ఎగతాళితో ఆడంబరమైన పెద్ద కారుకే ‘ఆయ్‌గా’ అని పేరు పడి, స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువుకూ ఎక్కింది.

మరి మధ్యయుగంలో ‘పడు’, ‘తెచ్చు’ క్రియలకు కాయా, త్రాయా అనేవారు. 1492లో సలమాంకాలో నెబ్రిహా రాసిన స్పానిష్ వ్యాకరణం అచ్చయ్యేనాటికీ ఆ పాత రూపాలు వాడుకలో ఉన్నాయి. తర్వాత తెంగా, బెంగా (‘వచ్చు’ క్రియకు రూపం)ల పోలికతో వాటిలోకి గకారం చేరింది. ఇవాళ కాయ్‌గా, త్రాయ్‌గాలే ఒప్పు. ఆయ్‌గాలోకి గకారం వచ్చిందీ ఆ దారినే. ఆ రెంటినీ పండితులు అక్కున చేర్చుకుని, దీన్ని గ్రామ్యమన్నారు. పలికేవారి అంతస్తును చూసే ఈ తీర్పు జరిగిందని నా నమ్మకం. గిడుగు రామమూర్తి పోరాటం తెలిసిన మనకు ఇటువంటి తీర్పులు కొత్త కాదు.

స్పానిష్ బోధించే మిత్రులకు నా విన్నపం ఇది. పరీక్షలో ‘ఆయా’ అనే రాయించండి, తప్పదు. కాని విద్యార్థి ఎక్కడో విని ‘ఆయ్‌గా’ అన్నప్పుడు ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకోవద్దు. దాని పక్కన ‘త్రాయ్‌గా’ రాసి, రెండూ నడిచివచ్చిన దారి చూపించండి.