కరెంటు పెట్టించుకున్నాక రొమ్ము కట్టించుకోవాలంటే
(మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, వడ్డీ లెక్కలు మనం నిండు సభలో మాట్లాడుకుంటం. రొమ్ము మాటొస్తే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటం. ఇయ్యాల ఆ మాటే మాట్లాడుకుందాం.

క్యాన్సర్‌కు రొమ్ము తీసేశాక కొందరికి రేడియేషన్, అంటే మనం అనే 'కరెంటు', పెడతారు. మిగిలిన క్యాన్సర్ కణాలను చంపడానికే అది. రొమ్ము మళ్లీ కట్టించుకోవాలన్న ఆశతో కరెంటు మానుకోవద్దు. ప్రాణం ముందు, రూపం తర్వాత.

కానీ కరెంటు తగిలిన చర్మం మునుపటిలా ఉండదు. రక్తం అందేది తగ్గుతుంది, చర్మం బిగుసుకుపోయి సాగదు. అక్కడ సిలికాన్ ఇంప్లాంట్ పెడితే దాని చుట్టూ పొర గట్టిపడి నొప్పి పెట్టడం, గాయం మానకపోవడం, చీము పట్టడం, ఒక్కోసారి తీసేయాల్సి రావడం, ఇవన్నీ కరెంటు లేనివాళ్లకంటే ఎక్కువ. అందరికీ ఇట్లనే అయితదని కాదు. అయినా చాలామంది డాక్టర్లు పొట్ట కింది నుంచో, వీపు నుంచో సొంత కండ, కొవ్వు, చర్మం తెచ్చి కట్టడమే మేలంటారు. అది పెద్ద ఆపరేషన్, ఇంకోచోట కూడా కోత పడుతుంది. కరెంటు అయ్యాక సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. షుగరు అదుపులో ఉండాలి, పొగాకు, జర్దా మానాలి.

డాక్టరుగారిని ఇవి అడగండి: నాకు ఏ పద్ధతి సరిపోతుంది? ఎన్ని ఆపరేషన్లు? ఇంప్లాంట్ పెడితే తర్వాత మార్చాలా? ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందన్న భరోసా లేదు. కట్టిన రొమ్ముకు పాత స్పర్శ పూర్తిగా రాదు. ఎర్రబడ్డా, జ్వరమొచ్చినా, నీరు కారినా అదే రోజు దవాఖానకు పోవాలి.

ఖర్చు సంగతి. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. రొమ్ము కట్టే ఆపరేషన్ అందులో వస్తుందా అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ దవాఖాన ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. ఇవన్నీ కనుక్కోకముందే వడ్డీ వ్యాపారి గడప తొక్కవద్దు.

కట్టించుకోకపోయినా తక్కువేం కాదు. జాకెట్టులో జేబు కుట్టి మెత్తటి ప్యాడ్ పెట్టుకోవచ్చు. మన కుట్టు సంఘాలు ఆ పని చేయగలవు. కట్టించుకోవాలా వద్దా అన్నది ఆ ఆడమనిషి నిర్ణయం. భర్తదీ కాదు, అత్తదీ కాదు, సంఘానిదీ కాదు. సంఘం పని తోడు పోవడం.

రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదని ఊరుకోవద్దు. తొందరగా పోతే చాలామందికి రొమ్ము మొత్తం తీసే అవసరమే రాదు.